జేబు

క్లైడ్ నది ఒడ్డున, మూతపడ్డ ఓడల షెడ్డులో
ఎఫీ మెక్కాస్కిల్ కొత్త బట్టల్ని పాతవి చేస్తోంది.
పందొమ్మిదేళ్ల కిందట ఇదే అంగీని
మందారమంత ఎర్రగా కుట్టింది తనే.
అప్పుడు వాడు ఎగిరితే
పిల్లలు సీట్లెక్కి నిలబడేవాళ్లు.

ఈసారి వాడు ఎగరడట.
వానలో నడుస్తాడు. పక్కటెముక విరుగుతుంది.
కాపాడాల్సిన పిల్ల చచ్చిపోతుంది.
"నిజంలా ఉండాలి" అన్నాడు డైరెక్టరు,
ఛాతీ మీద సుద్దముక్కతో మూడు తూటాలు గీసి.

చీజ్ తురిమే పళ్లెంతో భుజాలు గీకింది,
టీ డికాక్షన్ పోసింది, మసి అద్దింది.
మసి పూస్తే మారేడుకాయ అవుతుంది గానీ...

మొగుడు డూగల్ ఈ షెడ్డులోనే వెల్డరు.
అతని కోటు ఛాతీ దగ్గర చెక్కుచెదరలేదు.
చీకింది మోచేతుల దగ్గర,
రవ్వలు పడి మణికట్ల చుట్టూ జల్లెడ,
దగ్గుబిళ్లల డబ్బా ఒరుసుకుని ఒరుసుకుని
కుడి జేబు.

సాయంత్రం డైరెక్టరు వచ్చి
అంగీని లైటు కింద అటూ ఇటూ తిప్పాడు.
"బావుంది. ఇంకా ఏదో తక్కువైంది."

"జేబు" అంది ఎఫీ,
గుండుసూదులు పళ్ల మధ్య పట్టుకునే.
"ఇంటి తాళం ఎక్కడ పెట్టుకుంటాడు?"