మూడో పేరు

మొట్టమొదట ఆ మాట్లాడే డబ్బాని
బోటు ఓనరు చేతిలో చూశా.
వంజరం ముల్లంత యాంటెన్నా,
ఇటుకంత బరువు.
చేస్తే డబ్బులు, ఎత్తితే కూడా డబ్బులంట.
అంత ఖరీదైన మాటల్లో
ఆయన అన్నది ఒకటే:
"ఆఁ? ఆఁ? వినపళ్ళా!"

మాకొచ్చింది ఆ తర్వాత ఆరేళ్ళకి.
నెత్తళ్ళ డబ్బులు తొమ్మిదొందలు పెట్టి
కావలి ట్రంకు రోడ్డులో కొన్నాడు.
తుమ్మలపెంటలో అప్పుడు సిగ్నలు
తుఫాను షెల్టరు మిద్దె మీదే ఉండేది.
ఆడోళ్ళం సాయంత్రం పైకెక్కి
ఫోన్లు ఎత్తిపట్టుకోని నిలబడితే
కింద పిలకాయలు నవ్వేవాళ్ళు,
వానకు మొక్కుతుండారని.

నాకు చదువు రాదు.
బటను కిందికి నొక్కుకుంటా పోతే
ఒకటోది ఆటో మస్తాను,
రెండోది ఐసు ఫ్యాక్టరీ,
మూడో పేరు మా ఇంటాయన.
అయిదంకె మీద చిన్న పొక్కులాంటి చుక్క.
చీకట్లో, పొలుసు చేతుల్తో,
చూడకుండానే తడుముకునేదాన్ని.

మాట్లాడుకుంది తక్కువ.
ఒక రింగు: ఒడ్డు కనపడతా ఉండాది.
రెండు: ఐసు పట్టుకురా.
మూడు మోగి ఆగిందా,
వల ఖాళీ, ఆటో వద్దను.
నాలుగోది మోగితే ఎత్తాల.
పదకొండేళ్ళలో ఒక్కసారే ఎత్తా.
అది ఇక్కడ చెప్పను.

తర్వాత వచ్చింది అద్దం.
ఇందులో నెట్టు ఉందమ్మా, అంది మా చిన్నది ప్రసూన.
నెట్టంటే వలేనంట.
నవ్వొచ్చింది నాకు.
మా వలకి కళ్ళుంటాయి, పిల్లచేప జారిపోద్ది.
ఈ వల్లోంచి ఏదీ జారలా:
ఎవురింట్లో పెళ్ళి, ఎవురింట్లో చావు,
గాలి ఎటు, అల ఎంతెత్తు,
చెన్నైలో వంజరం ఎంత.
బేరగాడు రేటు దించితే
మేం మా ఫోను చూపిస్తాం,
వాడు వాడి ఫోను చూపిస్తాడు,
రెండు ఫోన్లూ పోట్లాడుకుంటా ఉంటే
మధ్యలో ఐసు కరిగిపోతా ఉంటుంది.

అద్దానికి మాత్రం నా వేలు తెలియదు.
ఉప్పు తినేసిన వేలు, తడారని వేలు.
రేషను మిషనుకీ తెలియదు, అది వేరే కథ.
కొంగుకి రుద్ది, ఊది, మళ్ళీ నొక్కితే
ఎవురో పిల్ల డాన్సు చేస్తుంది.
మూడో పేరు యాడికి పోయిందో.

నోటితో చెప్పమ్మా, అదే కలుపుద్ది, అంది చిన్నది.
ఏం చెప్పాల?
నాయన పేరు.

ఇరవై ఆరేళ్ళ కాపురం.
ఓటర్ల లిస్టోళ్ళు అడిగినా
పక్కింటి చెంచమ్మే చెప్పింది.
ఏమయ్యా, ఇదిగో, చిన్నదాని నాయనా,
అంతే గానీ
పేరు నా నోట పడలా.

ఆ రోజు పొద్దుగూకినా బోటు రాలా.
వలలు బాగుచేసేవాళ్ళు లేచిపోయారు.
షెల్టరు వెనక నిలబడి
మైకు బొమ్మ నొక్కి, గుటక మింగి,
మెల్లిగా అన్నా:
పోలయ్య.

అది కాసేపు తిరిగి తిరిగి
పోలవరం ఆనకట్ట చూపించింది.

సముద్రం ముందు నిలబడి
ఆనకట్ట చూశా.
ఆ పైన గట్టిగా అరిచా
పోలయ్యా, పోలయ్యా అని,
ఫోనుకో, నీళ్ళకో.

ఏం నొక్కానో,
ఆ అరుపు వాయిసు మెసేజి అయి పోయిందంట.
బోటుకి సిగ్నలు తగలగానే
నలుగురి మధ్యలో నా గొంతు మోగిందంట.
ఇంటికొచ్చి ఆయన ఏమీ అనలా.
పులుసులో ముల్లు ఏరుకుంటా
ఒకసారి నా మొహం చూసి
"డీజిలు మళ్ళీ పెరిగింది" అన్నాడు.

ఇప్పుడు మాటలు ఉత్తివే,
నెలకింతని కడితే ఎంతసేపైనా.
అయినా తెల్లారుజామున
రెండు రింగులు మోగి ఆగిపోద్ది.
చేతులు తడి, ఎట్టాగూ ఎత్తలేను.
ఐసుకు పోతా.