అసలు, వడ్డీ

మూడు రోజులుగా కారు మూడు కాళ్ల మీద నడుస్తోంది.
నాలుగో సిలిండర్ పలకదు.
సిగ్నల్ దగ్గర ఆగితే
చలిజ్వరం పిల్లలా స్టీరింగు వణుకుతుంది.

"కాయిల్ పోయింది" అన్నాడు అక్మత్
బానెట్‌లోంచి తల ఎత్తకుండానే.
"మిగతా మూడూ దాని ఈడువే. చూసుకో మరి."

బిష్కెక్ శివార్లలో
కంటైనర్ మీద కంటైనర్ పేర్చిన బజారు.
మంచు తొక్కి తొక్కి నల్ల బురదైన సందులో
జూరా ఎజె కొట్టు. వయసుతో పని లేదు, అందరికీ అక్కే.
వేళ్ల కొసలు కత్తిరించిన ఊలు గ్లౌజులు,
ఒళ్లో క్యాలిక్యులేటర్.

రెండు డబ్బాలు పెట్టింది నా ముందు.
ఒకటి నాలుగు వేల ఎనిమిది వందల సోమ్‌లు.
ఒకటి తొమ్మిది వందలు.
అదే నల్ల ప్లాస్టిక్కు, అదే మెడ, అవే మూడు పిన్నులు.
రెండు చేతుల్లో రెండూ తూచాను.
అగ్గువది కాస్త తేలిక,
లేదా నా చెయ్యే అలా అనుకుంది.

"ఏడాది నడుస్తుందా ఇది?"
"నడిచినవి ఉన్నాయి."
"ఆ రోజే పోయినవి?"
"అవీ ఉన్నాయి."
థర్మాస్‌లోంచి టీ ఒంపుకుని, నెమ్మదిగా:
"ఈమధ్య ఖరీదైన డబ్బాలో కూడా నకలే వస్తోంది.
నేనమ్మేది అసలే. అలాగని ఒట్టు మాత్రం పెట్టించుకోకు."

కారు మీద తెచ్చిన అప్పుకి
నెలనెలా వడ్డీ కడుతున్నాను,
అసలు ఇంకా ముట్టనే లేదు.
అసలు కొనే స్తోమత
అసలు ఉంటేగా.

నా మొహం చూసి కాబోలు
బల్ల కింద తవ్వి ఇంకోటి తీసింది.
"జపాన్‌లో గుద్దుకున్న బండిది.
ముందు భాగం నుజ్జు. ఇంజిన్‌కి ఏం కాలేదు. పదిహేను వందలు."
దాని వీపున ఎవరో మెకానిక్ పెట్టుకున్న
తెల్ల పెయింటు చుక్క.

కంటైనర్ తలుపు ఓరగా వేసింది.
చీకట్లో బ్యాటరీ, ప్లగ్, రెండు తీగలు.
కొత్త అసలుది: నీలం, లావుగా, టక్ టక్ టక్.
నకలుది: నారింజ, సన్నగా,
మధ్యలో ఒకసారి మరిచిపోయి.
చచ్చిన బండిది
నీలమే.

అదే కొన్నాను. గీచి గీచి బేరమాడి
ఆరు వందలకి నకలూ జేబులో వేసుకున్నాను.

ఆ రాత్రి తలాస్ ట్రిప్పు.
ముందు సీట్లో పళ్లు పీకించుకుని
దవడకి గుడ్డ కట్టుకున్న ముసలాయన,
వెనక ఇద్దరు నర్సులు, వాళ్ల మధ్య ఓ కుట్టుమిషను.
తో-అషూ కనుమ మీద సొరంగానికి మూడు మలుపుల కింద
నీలం ఆరిపోయింది.

లారీలు హారన్లు కొట్టుకుంటూ దాటిపోతున్నాయి.
ముసలాయన ఫోను లైటు పట్టాడు,
ఏదో సలహా చెప్పాడు, నోట్లో దూది, ఒక్క ముక్క తెలియలేదు.
ఒకే ఒక్క బోల్టు.
వేళ్లకి స్పర్శ లేదు, అది మంచులో పడితే వెతుక్కున్నాను.

నకలు బిగించి తాళం తిప్పాను.
పలికింది.
సొరంగం దాటి, సూసమీర్ మైదానం దాటి,
ఇంకో కనుమ కూడా ఎక్కి దిగి
తెల్లారేసరికి తలాస్.
దారి పొడుగునా నేను మాట్లాడలేదు,
మాట వింటే ఆగుతుందేమోనని.

వారం తర్వాత ఎజె ముందు నిలబడ్డాను.
"అసలుదే ఇవ్వు."
"నకలు చెడిపోయిందా?"
"లేదు. అదే మమ్మల్ని దించింది."
"మరి?"
జవాబు తోచలేదు. గ్లౌజు విప్పి
సగం డబ్బు లెక్కపెట్టాను. మిగతా సగం వసంతానికి.

నోటుబుక్కులో రాసుకుంది.
"వడ్డీ వద్దు. అసలు చాలు" అంది,
డబ్బా మూత మళ్లీ తీసి
కాయిల్ మీది అచ్చు అక్షరాలు
బల్బుకి దగ్గరగా ఎత్తి చూసుకుంటూ.