నడిమి గోడ

గ్లేస్ బేలో మాది సగం ఇల్లు.
గని పనివాళ్ళ కోసం బొగ్గు కంపెనీ కట్టించింది,
ఒక కప్పు కింద రెండు కాపురాలు.
నా సగానికి ఇటుక రంగు,
హెక్టర్ మెకాస్కిల్ సగానికి పాచి రంగు.
ఆ పాచి రంగు దగ్గరే, ఆరేళ్ళ కిందట,
మా మధ్య మాట పడిపోయింది.

మంగళవారం పొద్దున కెటిల్ ఉలకలేదు.
తీసి టోస్టర్ పెట్టాను. అదీ పలకలేదు.
పడగ్గది దీపం తెచ్చి గుచ్చాను,
హాల్లో నవ్వుతూ వెలిగిన దీపం
ఇక్కడికొచ్చి మొహం మాడ్చుకుంది.
అయితే తప్పు ప్లగ్గుదే.

ఎలక్ట్రీషియన్ సిడ్నీ నుంచి రావాలి
(ఆస్ట్రేలియాది కాదు, మా పక్క ఊరు),
మంచు తగ్గితే గురువారం అన్నాడు.
హాల్లో నేల మీద కెటిల్ పెట్టుకుని
పిక్నిక్కి వచ్చినదానిలా టీ తాగాను.
గురువారం దాకా ఇలా నా వల్ల కాదు.

చేపల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు
కన్వేయర్ బెల్టుల అలకలు తీర్చినదాన్ని.
సెల్లార్‌లోకి దిగి
'వంటిల్లు' అని రాసున్న స్విచ్ కిందికి దించాను.
పైకొచ్చి ప్లగ్గు దగ్గర టెస్టర్ పెన్ను పెడితే
కీచుమంది.
మళ్ళీ దిగాను. పక్క స్విచ్. దాని పక్కది.
చివరికి మెయిన్.
ఫ్రిజ్ ఊపిరి ఆగింది, ఫర్నేస్ ఆగింది,
ఇల్లంతా చీకటి చేసుకుని
టార్చితో నిలబడ్డాను.
పెన్ను కీచుమంటూనే ఉంది.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు.
అయినా ఒక అడుగు వెనక్కి వేశాను.

తర్వాత మీటరు తెచ్చాను.
నల్ల తీగకీ ఎర్తుకీ నడుమ నూట ఇరవై.
నల్ల తీగకీ తెల్ల తీగకీ నడుమ సున్నా.
అంటే కరెంటు గుమ్మం దాకా వస్తోంది,
తిరిగి వెళ్ళే దారి తెగింది.
చుట్టం లాంటిది కాదది,
వెళ్ళే దారి కనిపిస్తేనే పనిలో చెయ్యి పెడుతుంది.

డబ్బాలోకి టార్చి వేసి చూశాను.
తీగ నా సెల్లార్ వైపు పోలేదు.
పక్కకి పోయింది.
నడిమి గోడలోకి.

అతని తలుపు కొట్టడానికి
కోటు వేసుకున్నాను, విప్పాను, మళ్ళీ వేసుకున్నాను.

హెక్టర్ ఒక కాలికే మేజోడుతో వచ్చి తలుపు తీశాడు.
ఆరేళ్ళ తర్వాత నేనన్న మొదటి మాట:
"మీ ఫ్రిజ్ వెనకాల ప్లగ్గుందా?"
కాసేపు చూశాడు.
"ఉంది. జరపాలి."

జరిపాం.
వెనకాల బూజు, ఇస్పేటు రాణి ఒకటి,
మూత ఎండిపోయిన పాచి రంగు డబ్బా.
డబ్బాని ఇద్దరం చూడనట్టే చూశాం.
అతను కిందికెళ్ళి తన స్విచ్ ఆపాడు,
నేను మా ఇంట్లోకెళ్ళి పెన్ను పెట్టాను.
నోరు మూసుకుంది.
గోడ మీద రెండు సార్లు తట్టాను: సరే.
అవతల నుంచి రెండు తట్లు: సరే.

ఇన్నేళ్ళూ ఫ్రిజ్ వణికి వణికి
గోడకీ వణుకు నేర్పింది.
ప్లగ్గు వీపున బెజ్జంలో దూర్చిన తెల్ల తీగ
జారి బయటికొచ్చి వేలాడుతోంది.
ఏ మామయ్య పనో, ఎవరి పొదుపో,
నా వంటింటికి కరెంటు ఇక్కడి నుంచే లాగారు.
నేను టార్చి పట్టుకున్నాను.
అతను తీగ చివర గీకి కొక్కెంలా వంచాడు.
"స్క్రూ బిగిసే వైపుకే తిప్పాలి మెలిక."
"తెలుసు."
తెలుసని నాకూ తెలుసు.

బిగించాక, మోకాళ్ళ మీదే కూర్చుని, మెల్లగా అన్నాడు:
"అంటే పదకొండేళ్ళుగా
నీ టీ నా బిల్లు మీద కాగుతోంది."
"టోస్టు కూడా," అన్నాను.

ఈ తీగ తెంపి వేరు చెయ్యాలన్నాడు.
చెయ్యాలన్నాను. గురువారం మనిషొస్తాడుగా.

ఇంటికొచ్చి కెటిల్ పెట్టాను.
అది బుసకొట్టే వేళకి
గోడ అవతల అతని ఫ్రిజ్ లేచింది,
కెటిల్ మీది ఎర్ర లైటు ఒక్క క్షణం కుంగి తేరుకుంది.
రోజూ చూసేదాన్నే. ఓల్టేజీ అనుకునేదాన్ని.

పెన్సిల్ తీసుకుని కవరు వెనక లెక్క మొదలుపెట్టాను:
రోజుకి నాలుగు కప్పులు,
ఆదివారం ఆరు...