హోల్డాన్

బద్వేలు-సిద్ధవటం సర్వీసులో
పంతొమ్మిదేళ్లు చూశాను లంకమల కొండను,
కిటికీ ఊచల మధ్య ముక్కలు ముక్కలుగా,
చిల్లర లెక్కపెడుతూ.
చూశాననడం కూడా ఎక్కువే.
పోయేప్పుడు కుడిపక్క, వచ్చేప్పుడు ఎడంపక్క
అది వెళ్లిపోయేది, అంతే.

"బస్సులోంచి చూస్తే కొండకేం తెలుస్తాదన్నా
నువ్వొకడివి ఉండావని?" అనింది దస్తగిరమ్మ,
సీతాఫలాల గంప కాళ్లసందున ఇరికించుకుంటూ.
"నీ ఆఫునాడు రా. చెప్పులు గాదు, బూట్లేసుకోని రా."

తెల్లారి ఐదుకు చెక్‌పోస్టు కాడ
గార్డు, ఆమె మేనల్లుడే, టార్చి నా మొహాన కొట్టి
"కండక్టరు గదూ? నాకు చిల్లర బాకీ ఉండావు" అన్నాడు.
రెండు రూపాయలిచ్చి
అడవిలో అడుగు పెట్టాను.

కలివిపొదలు, బలుసు, చొక్కా పట్టుకు లాగే పరికికంప.
దారి దస్తగిరమ్మ పాదాలకింద పుట్టి
నా దగ్గరికొచ్చేసరికి మాయమయ్యేది.
ఒకచోట వంగి మట్టిమీద అరచెయ్యి ఆనించింది.
"చిరుతపులి. రాత్రి ఒంటిగంట సర్వీసు" అని నవ్వింది.
పంజా గుర్తు అంచున మట్టి ఇంకా విరగలేదు.

కొమ్మమీద కొండముచ్చు తల్లి
నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి,
తక్కినవాళ్లెక్కడ అన్నట్టు నా వెనక్కి చూసింది.

మధ్యలో ఒక మొద్దు.
గొడ్డలి దెబ్బ కొత్తది. లోపలి చందనం
ఇప్పుడే ఎవరో ఉమ్మిన తాంబూలంలా ఉంది.
నేను నిలబడ్డాను. ఆమె నిలబడలేదు.
"నువ్వేం చూళ్లేదు. నడువు."
ఆ తర్వాత అరగంట ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఎండెక్కింది. మోకాళ్లు పాత గేరుబాక్సులా మూలిగాయి.
సద్ది విప్పాం: రాగిసంగటి, చెనిక్కాయల ఊరిమిండి.
ఉడుమొకటి బండసందులోంచి నాలుక చాపి
మా కూటి వాసన రుచి చూసి లోపలికి పోయింది.

దొన దగ్గర
ముందు చప్పుడే వినబడింది,
ఎవరో ఆబగా జుర్రుతున్నట్టు.
దస్తగిరమ్మ చెయ్యి వెనక్కి లేచింది, అరచెయ్యి తెరిచి.
ఆ సైగ నాకు తెలుసు.
హోల్డాన్.

ఎలుగ్గొడ్డు.
మూతినిండా నీళ్లు కారుతూ, వీపున పిల్ల.
పిల్ల ఆ బొచ్చును పట్టుకున్న తీరు
రద్దీ బస్సులో పసివాళ్లు కొంగు పట్టుకునే తీరే.
నా చెయ్యి దానంతటది మెడ దగ్గరికి పోయింది,
ఆఫునాడు లేని విజిలు కోసం.

తల్లి లేచి నిలబడింది. గాలిని పీల్చింది.
నాలోని డీజిలు, చెమట, నలిగిన నోట్లు, భయం
అన్నీ దానికి అందాయి.
దస్తగిరమ్మ గొంతు పెంచలేదు,
పక్కింటామెతో అన్నట్టు అనింది:
"తాగు తల్లీ. మేం ఎనకమాల ఉండాంలే. తొందరేం లేదు."

ఎంతసేపో తెలీదు.
టైము రాసుకోకుండా నేను ఆగిన స్టాపు అదొక్కటే.
అది నాలుగు కాళ్లమీదికి దిగి
మళ్లీ మూతి ముంచింది. తాగినంత తాగి
మొర్రిచెట్ల కిందుగా వెళ్లిపోయింది.
రైట్ అని ఎవరూ అనలేదు.

పైదాకా ఎక్కారా అని అడిగారు డిపోలో.
ఎక్కాం. అక్కణ్ణించి పెన్న ఒక గీత,
రోడ్డు ఇంకా సన్నగీత,
దానిమీద మా బస్సే చీమలా పాకుతోంది.
డ్యూటీ ఎవరిదో కనబడలేదు.

మర్నాడు దస్తగిరమ్మ గంపతో ఎక్కింది.
ఆడవాళ్ల సున్నా టికెట్టు కొట్టిచ్చాను.
మడిచి కొంగున ముడేసుకుంటా
"రాత్రి మళ్లా నీళ్లకొచ్చింటాది" అనింది.

వెనక ఎవరో చిల్లర, చిల్లర అంటున్నారు.
నేను కుడిపక్క కిటికీలోంచి
దొన ఏ మడతలో ఉందో వెతుకుతున్నాను,
ఈ బస్సు చప్పుడు
అక్కడికి వినబడుతుందేమోనని.