చూపుకి ఆనదు

టామ్ ప్రైస్‌లో నలభై మూడు డిగ్రీలు.
రేకుల షెడ్డు తలుపు తీసి
గ్లెనిస్ ట్రెంబాత్ ముందు పాములున్నాయేమో చూస్తుంది,
తర్వాతే సముద్రాన్ని.

సముద్రం ట్రేలలో పడుకుని ఉంది
మణికట్టు లావు నల్లరాతి కడ్డీలుగా.
అడుగు నుంచి పైకి చదువుతాం.
స్ప్రే సీసాతో నీళ్ళు కొడితే
రెండున్నర వందల కోట్ల ఏళ్ళ బురద
ఒక్క నిమిషం తడిగా మెరిసి, ఆరిపోతుంది.

మధ్యలో పసుపురంగు గింజలు.
వెర్రివాడి బంగారం, అంటుంది గ్లెనిస్.
కాకిబంగారం అందామంటే అది అభ్రకం కదా.
చీమకుర్తి క్వారీల్లో మా మామయ్య
దీన్నేమనేవాడో గుర్తు రాదు.
గాలి చొరని అడుగున
గంధకం, ఇనుము ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకట్టాయి, అంతే.

నా పని గన్ ఆనించి మీట నొక్కడం, అంకె రాయడం.
ఇనుము: బోలెడు.
మాలిబ్డినం:
మిషను లేదు అనదు.
నా చూపుకి ఆనదు, అంటుంది.
ఆ మర్యాద నాకు నచ్చుతుంది.

అప్పటి నీళ్ళలో ఇనుము
పులుసులో ఉప్పులా కరిగి ఉండేది.
మాలిబ్డినం మాత్రం కొండల గుప్పిట్లో.
ఆ వేళ్ళు విప్పే గాలి ఇంకా లేదు.
కంసాలి త్రాసులో వీసమెత్తైనా తూగని దానికోసం
కంటికి కనబడని ప్రాణులు
అర్ధాకలితో ఉండేవని కొందరు,
ఇనుముతో సరిపెట్టుకున్నాయని కొందరు.
గ్లెనిస్ ఏమీ అనదు. టీ చల్లారుతోందంటుంది.

ట్రే పదిహేడు.
ఎనిమిది. పదకొండు. పంతొమ్మిది.
వేలు జారిందేమోనని మళ్ళీ నొక్కాను.
పంతొమ్మిదే.
ఎక్కడో, ఎవరూ లేనప్పుడు,
ఎవరో ఊపిరి వదిలినట్టు.
రెండు ట్రేలు దాటేసరికి
మళ్ళీ ఆనదు.

నిన్న ఆసుపత్రిలో నర్సు కాగితం చూసి
ఫెరిటిన్ తొమ్మిదే, అంది.
కిటికీ నిండా ఎర్ర కొండ.
దాన్ని ముక్కలుగా మోసుకుంటూ
రెండున్నర కిలోమీటర్ల రైలు పోతూనే ఉంది.
ఇద్దరం కాసేపు అటే చూశాం.

ఆ ఊపిరి ఎప్పటికో నిలదొక్కుకుంది.
నీళ్ళలో మిగిలిన ఇనుము తుప్పై కిందికి దిగింది.
ఇవాళ్టి సముద్రానికి మాలిబ్డినం దండి,
ఇనుముకే మొహం వాచింది.
ఎవరికీ రెండూ ఒకేసారి అమరవు కాబోలు.

గ్లెనిస్ కప్పు ముందుకి తోసింది.
మాత్ర టీతో వేసుకోవద్దంది నర్సు.
స్ప్రే సీసాలో నీళ్ళు సగమున్నాయి.
ఒక గుక్క నాకు,
మిగతాది

ట్రే పద్నాలుగుకి.