తుడవని బల్ల

రాత్రి తొమ్మిదికి నా పని మొదలయ్యేది.
దొరబిడ్డలు బూట్లు టకటకలాడిస్తూ మెట్లు దిగిపోయాక
బక్కెట్టూ పాతగుడ్డా పట్టుకుని మేడెక్కేదాన్ని.
కిటికీ కింద మ్యూజ్ నది మంచులో మూలిగేది.
కోటలూ వంతెనలూ కట్టడం నేర్పే బడి అది.
లోపలికి రావాలంటే నాలుగు తరాల తాతలు కాగితం మీద ఉండాలి.
మా తాతల్ని ఎవరు రాస్తారు?
వాళ్లు గోడల్లో ఉన్నారు.

ఒక రాత్రి నల్లబల్ల మీద రెండు బొమ్మలు,
నడుమ ఒక అడ్డగీత.
పైది ఎదురుగా నిలబడి చూసినట్టు,
కిందది ఎగిరే పిట్ట చూసినట్టు.
పై చుక్కల నుంచి కింది చుక్కలకి
సుద్దతో సన్నటి దారాలు.
నాకు అక్షరం ముక్క రాదు.
అయినా చదివేశాను.
అది ఏటవాలు కమానులో రాయి.
ఏ మూల ఎంత చెక్కాలో ఈ ఊళ్లో
మా అన్సెల్మ్ ఒక్కడికే తెలిసిన రాయి.

నాలుక కోసినా చెప్పనని మేస్త్రీల సంఘంలో ప్రమాణం చేశాడతను.
అతని తండ్రీ చేశాడు, ఆ తండ్రికి తండ్రీ.
కానీ దారం రెండో కొస పట్టడానికి మనిషి కావాలి కదా!
పెళ్లాం మనిషి లెక్కలోకి రాదనుకున్నాడేమో,
కొట్టం తలుపు గడియ వేసి
నేలంతా బొగ్గుతో గీసేవాడు.
తెల్లారకముందే నేను ఊడ్చేసేదాన్ని.
గుట్టు తుడవడం నాకు కొత్త కాదు.

రాతిపొడి ఊపిరిలో గడ్డకట్టి పోయాడు.
అప్పటికి మా కోలాకి తొమ్మిదేళ్లు, సగం విద్య.
మిగతా సగం నా చేతుల్లో ఉంది,
నా చేతులు చెబితే ఏ సంఘం ఒప్పుకుంటుంది?
వాడు ఇదే బడిలో, కింద, పిండిసున్నం కలిపే గదిలో కుదిరాడు.
దొరబిడ్డలు చూసి నేర్చుకోవడానికి
బుల్లి కమాన్లు పోతపోస్తాడు.

ముక్కుపొడి డబ్బీ మర్చిపోయి
ఒబెర్టాన్ పంతులు వెనక్కి వచ్చాడు.
గుడ్డ పిండుతూనే అడిగాను:
"ఇది మీకు ఎవరు చెప్పారయ్యా?"
నా గొంతు వణికింది కోపానికే, భయానికి కాదు.
ఆయన బల్ల వైపు చూసి, నా వైపు చూసి,
"ఎవరూ చెప్పలేదమ్మా," అన్నాడు.
"రెండు వైపుల నుంచి చూస్తే రాయి తనే చెబుతుంది."

ఏడు తరాలు నోరు కుట్టుకుని కాపాడింది
ఇలా ఊరికే గాలిలో ఉందా?
ఏడుపొచ్చింది. తర్వాత, ఎందుకో, నవ్వొచ్చింది.
ఆయన వెళ్లాక కోలాని లేపుకొచ్చాను.
దీపం నేను పట్టాను.
వాడు తడి ఆరని పిండిసున్నం పలక మీద
మేకుతో గీత గీతా ఎక్కించుకున్నాడు.
ఆ రాత్రి బల్ల తుడవలేదు.
జీతంలో రెండు రాగి నాణేలు కోసుకున్నారు.

తర్వాత రాజు పోయాడు, తాతల కాగితాలు పోయాయి,
పరీక్ష రాస్తే చాలు, ఎవరైనా రావచ్చన్నారు.
ఎవరైనా అంటే ఇరవై ఏళ్ల లోపువాళ్లు.
కోలాకి ముప్పై ఒకటి.

మా పీపాల గిల్బెర్ పాత కొట్టు తలుపు ఊడదీసి
దీపపు మసి పూసి గోడకి ఆనించాడు వాడు.
చెప్పులు కుట్టేవాడి కొడుకు, పడవవాడి కొడుకులిద్దరూ,
చివర్న నిలబడి చూసే ఒక రొట్టెలపిల్ల.
పై బొమ్మ, కింది బొమ్మ, నడుమ గీత.

అంతా అయ్యాక వాళ్లని కళ్లు మూసుకోమంటాడు.
రెండు రాళ్ల మీద సుత్తితో తడతాడు.
ఒకటి గంటలా మోగుతుంది,
రెండోది దగ్గుతుంది, లోపల పగులు.
దీన్ని ఏ బల్ల మీద గీస్తారో నాకు తెలియదు,
ఒబెర్టాన్‌ని అడుగుదామంటే ఊరు వదిలి వెళ్లిపోయాడు.

ఆ తలుపు ఈమధ్యే మళ్లీ కొట్టుకి బిగించారు,
చలికి ఆగలేక.
గాలి వస్తే తెరుచుకుంటుంది,
గీతలతో సహా.