కాఫీ పాత్ర

ఫిబ్రవరి రెండో మంగళవారం, నెబ్రాస్కాలో మా హార్లో కౌంటీ.
రైతుసంఘం హాల్లో నలభై మడత కుర్చీలు,
ముప్పై ఆరుగురం మనుషులం.
బయట మంచు, లోపల తడి బూట్ల వాసన.
పార్టీ మినిట్స్ రాయడం నా పని.
ఇరవై రెండేళ్లలో పుస్తకాలు మారాయి, చేతిరాత మారలేదు.

జెండాకు వందనం, ఆపైన ప్రార్థన.
అక్కడిదాకా మనం ఒక్కటే.
చివర్లో ఆమెన్‌ని కొందరు
పక్కవాళ్లకు వినిపించేలా సాగదీశారు.
అది నేను రాయలేదు.

మొదటి అంశం ఐక్యతా తీర్మానం.
తెచ్చినవాడు ఎమ్మెట్ స్ట్రాండ్‌బర్గ్,
నలభై ఏళ్లు చక్కెర దుంపలు పండించినవాడు,
పన్ను అనే మాటను
దుంపకు పట్టిన పురుగు పేరులా పలికేవాడు.
ఒకటే వాక్యం, మనవరాలి చేత టైపు చేయించుకొచ్చాడు:
కలిపేవి మాట్లాడుకుందాం, విడదీసేవి పక్కన పెడదాం.

"ఏవేవి పక్కన?"
వెనక వరుసలోంచి కెల్సీ వోస్.
ఒళ్లో ఐదు నెలల పాప, భుజాన పాల మరక.
"వరుసగా చెప్పండి."

ఎమ్మెట్ గుటక మింగాడు.
లైబ్రరీ పుస్తకాల గొడవ, అన్నాడు.
పెళ్లిళ్ల సంగతి. బడిలో ఆ బాత్రూముల సంగతి.
"మరి మిగిలిందేమిటి?"
"బడ్జెట్టు."
ఎవరో కిసుక్కున నవ్వారు.

"బడ్జెట్టు కోసం కన్నానా దీన్ని?" అంది కెల్సీ.
"పదేళ్లుగా మా ఓటు ఈ ఏడాదికి,
మా మాట వచ్చే ఏడాదికి.
ఇల్లు అంటుకుంటుంటే
కిటికీలకు రంగులెయ్యమంటారు."

"అంటుకోలేదమ్మా, నువ్వు చూసింది పొయ్యి,"
అన్నాడు ఎమ్మెట్, కాస్త మెల్లగానే.

అప్పుడు లేచాడు తుపాకుల కొట్టు డ్వేన్ ప్రూయిట్:
"సర్కారు నా గుమ్మం తొక్కకూడదని చేరాను ఈ పార్టీలో.
పక్కవాడి గుమ్మానికి దాన్ని తోలడానికి కాదు."
సగం హాలు చప్పట్లు.
మిగతా సగంలోంచి ఒక గొంతు:
"నువ్వసలు మనవాడివేనా?"

కలం అక్కడ ఆగింది.
ఏడు గంటలకు మనం అన్న నోళ్లే
ఎనిమిదింబావుకి మేము అంటున్నాయి.
చిన్న తేడా, ఒక్క అక్షరం ముందూ వెనకా,
మధ్యలో కుర్చీల వరుసంత ఖాళీ.

ఆ లైబ్రరీకి ఉత్తరపు గోడ లేనప్పుడు
నేనూ ఎమ్మెట్ భార్యా
ఎండలో బల్ల వేసుకుని ఆపిల్ పైలు అమ్మాం,
ముక్క యాభై సెంట్లు.
కెల్సీ వాళ్లమ్మ మూడు కొన్నది.
చెబుదామనుకున్నాను.
రాసేవాళ్లు మాట్లాడకూడదని మా నిబంధన,
పెట్టింది నేనే.

చేతులెత్తమన్నారు.
ఐక్యతకు అనుకూలం పదిహేడు,
వ్యతిరేకం పద్దెనిమిది.
నేను ఎత్తుంటే సమానమయ్యేది.
ఆ చేతిలో కలం ఉంది.

సభ ముగిశాక కెల్సీ వ్యాను మంచులో దిగబడింది.
ఎమ్మెట్ వెనకనుంచి తోశాడు, డ్వేన్ పార తెచ్చాడు.
ఎవరూ ఎవరితో ఒక్క మాట అనలేదు.
వ్యాను కదలగానే చేతులు దులుపుకుని
ఎవరి ట్రక్కు వాళ్లెక్కారు.
సభ ముగిసింది గనక మినిట్స్‌లోకి రాదు.

మార్చిలో రెండు సభలట.
ఒకటి లూథరన్ చర్చి కింది గదిలో,
ఒకటి విత్తనాల కొట్లో,
ఒకే మంగళవారం, ఒకే ఏడు గంటలు.
రెండు చోట్లా మొదటి అంశం ఐక్యతేనట.

పొద్దున రెండు ఫోన్లు వచ్చాయి.
మినిట్స్ నకలు కావాలన్నారు ఇద్దరూ.
పెట్టేసేముందు, అదే మాట ఇద్దరూ:
"మన కాఫీ పాత్ర తెస్తావుగా?"

పాత్ర మా అత్తగారిది,
నలభై కప్పులది, మూత సొట్టపోయింది.
అడుగున సున్నం పేరుకుంది.
వెనిగర్ పోసి నానబెట్టాను.
ఎవరికీ ఇంకా చెప్పలేదు.